మీ లాప్‌టాప్‌లో ఇంకో కంప్యూటర్: డెవలప్‌మెంట్‌కు వీఎం వేసుకుంటే తికమక ఎక్కడ మొదలవుతుంది?

రాత్రి ఒంటిగంటకు ఒక ఆర్డర్ వచ్చింది. లాప్‌టాప్‌లో నడిపి చూస్తే రిపోర్టులో అది 5వ తేదీ కింద కనిపిస్తుంది. సర్వర్‌లో మాత్రం 4వ తేదీ కింద పడుతుంది. కోడ్ ఒకటే, డేటా ఒకటే. లాప్‌టాప్ గడియారం భారత కాలమానంలో ఉంది, సర్వర్ గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంది, అంతే తేడా. రెండింటికీ మధ్య అయిదున్నర గంటలు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా వచ్చే ప్రతి ఆర్డరూ ముందురోజు లెక్కలోకి పోతుంది. పగలంతా కూర్చుని లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా ఈ తప్పు దొరకదు.

ఇలాంటివే ఇంకొన్ని. జావాస్క్రిప్ట్‌లో ఒక ఫైలును ఇంపోర్ట్ చేసేటప్పుడు మొదటి అక్షరం క్యాపిటల్ బదులు స్మాల్ రాసినా విండోస్ పట్టించుకోదు. లినక్స్ సర్వర్ అదే కోడ్‌ను చూసి ఫైలే లేదంటుంది. తెలుగు పేర్ల జాబితాను అక్షరక్రమంలో పెట్టమంటే, ఆ క్రమం డేటాబేస్‌ను తయారుచేసినప్పుడు ఎంచుకున్న లొకేల్‌ను (భాష, ప్రాంతం సెట్టింగును) బట్టి మారుతుంది. ఉత్త యూనికోడ్ సంఖ్యల వరసలో పెడితే ళ అక్షరం వ కంటే ముందొస్తుంది కాబట్టి కళ్యాణి ముందు, కవిత తర్వాత. బడిలో నేర్చుకున్న వర్ణమాల ప్రకారం అయితే కవితే ముందు. క్లయింటు ఫోన్ చేసి అడిగేదాకా ఇది ఎవరి దృష్టికీ రాదు.

ఈ తేడాలు ముందే బయటపడాలంటే సర్వర్ లాంటి యంత్రం మన దగ్గరే ఉండాలి. దానికోసం ఇంకో కంప్యూటర్ కొనలేం. క్లౌడ్‌లో తీసుకుంటే నెలనెలా బిల్లు కట్టాలి. అందుకే వర్చువల్ మెషీన్. వాడుకలో వీఎం. మన లాప్‌టాప్ ప్రాసెసర్‌లో, మెమరీలో, డిస్కులో కొంత వాటా తీసుకుని నడిచే వేరే కంప్యూటర్ అది. అసలు లాప్‌టాప్‌ను హోస్ట్ అనీ, లోపల నడిచేదాన్ని గెస్ట్ అనీ అంటారు.

ఇన్‌స్టాల్ ఎలా చేయాలో చూపించే వీడియోలకు కొదవలేదు. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోదు, ఫైలు మార్చినా సర్వర్ రీలోడ్ కాదు, లాప్‌టాప్ మొరాయిస్తుంది. వీటన్నిటికీ మూలం ఒక్కటే. గెస్ట్‌కు సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), సొంత ఐపీ అడ్రస్, సొంత గడియారం, సొంత డిస్కు ఉంటాయి. కానీ అది మన స్క్రీన్ మీద ఒక విండోలో కనబడుతుంది కాబట్టి మామూలు అప్లికేషన్ లాగే చూస్తాం. ఉదాహరణకు ఒక విండోస్ లాప్‌టాప్ తీసుకుందాం. దాని మీద వీఎంలు నడిపే వర్చువల్‌బాక్స్, అందులో ఉబుంటు సర్వర్ 24.04 అనే లినక్స్, దాని మీద పైథాన్‌లో జాంగోతో రాసిన ఒక వెబ్ అప్లికేషన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్.

బయోస్‌లో ఆ స్విచ్ ఎందుకు?

మొదటి అడ్డంకి వీఎం మొదలుకాకముందే వస్తుంది. వీటీ-ఎక్స్ (వీఎంలకు ప్రాసెసర్ ఇచ్చే సాయం) ఆఫ్‌లో ఉందని ఎర్రర్ చూపించి వర్చువల్‌బాక్స్ ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కు వెళ్లి సీపీయూ మీద నొక్కితే, కింద వర్చువలైజేషన్ ఎనేబుల్ అయి ఉందో లేదో రాసి ఉంటుంది. లేకపోతే లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలుకాకముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్ యంత్రాల్లో అది ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనే పేరుతో, ఏఎమ్‌డీలో ఎక్కువగా ఎస్‌వీఎం మోడ్ అనే పేరుతో ఉంటుంది. ఒక జాగ్రత్త: విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ నడుస్తుంటే, బయోస్‌లో మార్పు చేశాక అది రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ఎక్కడుందో చూసుకున్నాకే లోపలికి వెళ్లండి.

ఈ స్విచ్ వెనక కొంత చరిత్ర ఉంది. ఐబీఎమ్ పెద్ద యంత్రాల్లో వర్చువల్ మెషీన్లు 1960ల నుంచే ఉన్నాయి. ఒక ప్రాసెసర్ మీద వీఎంలు సజావుగా నడవాలంటే ఏం కావాలో 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక పరిశోధనా పత్రంలో తేల్చి చెప్పారు. యంత్రం స్థితిని తాకే ఏ ఆదేశాన్నైనా మామూలు ప్రోగ్రాం వాడబోతే ప్రాసెసర్ అక్కడికక్కడ ఆపి పైవాడికి, అంటే వీఎంలను నడిపే హైపర్‌వైజర్‌కు, కబురు పంపాలి. మన పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లు ఆ షరతుకు లొంగలేదు. పాప్‌ఎఫ్ అనే ఆదేశమే చూడండి. అధికారం లేని ప్రోగ్రాం దాంతో ఇంటరప్ట్ ఫ్లాగ్‌ను (పరికరాల పిలుపులను రానివ్వాలా వద్దా అని చెప్పే గుర్తును) మార్చబోతే ప్రాసెసర్ ఎర్రర్ ఇవ్వదు, ఆపదు, ఆ మార్పును చడీచప్పుడు లేకుండా వదిలేసి ముందుకు పోతుంది. ఇంటరప్టులు ఆపేశానని గెస్ట్ కెర్నల్ అనుకుంటుంది. హైపర్‌వైజర్‌కు మాత్రం ఆ సంగతే తెలియదు.

1999లో వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ దీన్ని సాఫ్ట్‌వేర్‌తో దాటింది. గెస్ట్ కెర్నల్ కోడ్ నడుస్తుండగానే దాన్ని చదివి, ఇలాంటి ఆదేశాలను మార్చి రాసి నడిపించేది. గొప్ప ఇంజినీరింగే, కానీ ప్రాసెసర్ చేయాల్సిన పని అది. 2005 చివర్లో ఇంటెల్ వీటీ-ఎక్స్‌తో, 2006లో ఏఎమ్‌డీ తన పద్ధతితో ఆ లోటు పూడ్చాయి. 2007లో లినక్స్ కెర్నల్ 2.6.20లో కేవీఎం అనే సొంత హైపర్‌వైజర్ వచ్చి చేరింది. బయోస్‌లో మనం ఆన్ చేసేది ఈ సదుపాయాన్నే. వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్లు ఇది లేకుండా అసలు నడవవు.

ఒకే సదుపాయం, ఇద్దరు హక్కుదారులు

స్విచ్ ఆన్ చేసినా కొందరికి వీఎం నత్తనడక నడుస్తుంది. వర్చువల్‌బాక్స్ విండో కింద మూలన ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే కారణం దొరికినట్టే. విండోస్‌కు హైపర్-వీ అనే సొంత హైపర్‌వైజర్ ఉంది. అది నడుస్తున్నప్పుడు ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ దాని చేతిలో ఉంటుంది. వర్చువల్‌బాక్స్ దాన్ని అడిగి పని చేయించుకోవాలి. ఆ చుట్టుదారికి గుర్తే ఆ తాబేలు.

"నేను హైపర్-వీ ఆన్ చేయలేదే" అంటారు చాలామంది. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2 వాడుతుంటే ఆన్ చేసినట్టే. డాకర్ డెస్క్‌టాప్ వాడుతున్నా అంతే. ఇవేవీ లేకపోయినా, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ కూడా దాని మీదే నడుస్తుంది. విండోస్ 11తో వచ్చే కొత్త లాప్‌టాప్‌లలో అది చాలావరకు మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. ఒక కమాండ్ కొట్టి హైపర్-వీని ఆపేయమని చెప్పే సలహాలు కనిపిస్తాయి. ఆపితే వర్చువల్‌బాక్స్ పరుగెత్తుతుంది, నిజమే. మరుసటి రోజు డబ్ల్యూఎస్ఎల్2, డాకర్ రెండూ మొండికేస్తాయి. పైగా మెమరీ ఇంటిగ్రిటీ భద్రత కోసం పెట్టినది. కంపెనీ లాప్‌టాప్‌లో ఐటీ వాళ్లను అడగకుండా దాని జోలికి పోకండి.

అందుకని ముందే ఒక దారి ఎంచుకోవడం మేలు. విండోస్ మీద లినక్స్ కమాండ్లు, ఒక వెబ్ అప్లికేషన్, ఒక డేటాబేస్ ఉంటే చాలనుకునేవాళ్లకు నా ఓటు డబ్ల్యూఎస్ఎల్2కే. అది కూడా వీఎమ్మే. 2016లో వచ్చిన మొదటి డబ్ల్యూఎస్ఎల్ లినక్స్ కాల్స్‌ను విండోస్ కాల్స్‌గా మార్చేది. రెండోది నిజమైన లినక్స్ కెర్నల్‌నే తేలికపాటి వీఎంలో నడుపుతుంది. విండోస్ హోమ్ ఎడిషన్‌లోనూ పనిచేస్తుంది. సర్వర్‌లో ఉన్న వెర్షన్, కెర్నల్, ఫైర్‌వాల్ నియమాలు అన్నీ అచ్చంగా అలాగే కావాలన్నా, రెండు మూడు యంత్రాలను నెట్‌వర్క్‌లో కలిపి చూడాలన్నా, బూట్ అయ్యే దశ నుంచి పరీక్షించాలన్నా పూర్తి వీఎం వేసుకోవాలి.

డాకర్ ఉండగా వీఎం ఎందుకన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. డాకర్ నడిపే కంటైనర్‌కు (అప్లికేషన్‌నూ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూటకు) సొంత కెర్నల్ ఉండదు, కింద ఉన్న లినక్స్ కెర్నల్‌నే వాడుకుంటుంది. విండోస్‌లో, మ్యాక్‌లో ఆ లినక్స్ కెర్నల్ ఎక్కడి నుంచి వస్తుంది? డాకర్ డెస్క్‌టాప్ లోపల కనబడకుండా ఒక లినక్స్ వీఎం నడుస్తుంటుంది. కాబట్టి డాకర్ వాడేవాళ్లు కూడా వీఎం కష్టాలు తప్పించుకోలేదు, వాటి మీద ఒక ముసుగు పడిందంతే.

లైసెన్సు గురించి ఒక్కమాట. వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ ఓపెన్ సోర్స్. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేరు. వ్యక్తిగత వాడకానికి, చదువుకు అది ఉచితం, కంపెనీ పనికి లైసెన్సు కొనాలి. మన పనికి దాని అవసరం దాదాపు రాదు. గెస్ట్ అడిషన్స్ (గెస్ట్ లోపల వేసుకునే డ్రైవర్లు) అనేది మళ్లీ వేరే సంగతి. వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబరు నుంచి కంపెనీలకు కూడా ఉచితమైంది, అదీ మంచిదే.

ఇన్‌స్టాల్: చూసుకోవాల్సిన మూడు చోట్లు

డెస్క్‌టాప్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్కు ఫైలు) వద్దు, సర్వర్ ఐఎస్ఓ దించుకోండి. గ్రాఫిక్స్ లేకపోతే సగం మెమరీ మిగులుతుంది. మనకు కావలసింది సర్వర్ నకలే కదా. నల్ల స్క్రీన్ చూసి భయపడక్కర్లేదు, దాని ముందు మనం కూర్చోబోవడం లేదు.

వర్చువల్‌బాక్స్ 7వ తరం వెర్షన్లలో ఐఎస్ఓ ఎంచుకోగానే అన్అటెండెడ్ ఇన్‌స్టలేషన్ అనే సదుపాయం తనంతట తానే ముందుకొస్తుంది. ప్రశ్నలేవీ అడగకుండా అదే ఇన్‌స్టాల్ చేసేస్తుంది. వినడానికి హాయిగా ఉంటుంది. తీరా లాగిన్ అయ్యాక వీబాక్స్‌యూజర్ అనే పేరు, మనం పెట్టని పాస్‌వర్డ్, అడ్మిన్ అధికారం అడిగే సుడో కమాండ్ కొడితే ఈ యూజర్‌కు అనుమతి లేదన్న జవాబు. ఆ సదుపాయాన్ని వద్దని చెప్పి మామూలు ఇన్‌స్టాలర్‌తోనే వెళ్లండి.

ఇన్‌స్టాలర్ డిస్కు దగ్గర ఎల్‌వీఎం పద్ధతి (డిస్కును తర్వాత పెంచుకోగల భాగాలుగా పంచే పద్ధతి) టిక్ చేసి ఉంచుతుంది. ఎంటర్ కొట్టుకుంటూ పోతే 40 జీబీ డిస్కులో రూట్ ఫైల్‌సిస్టమ్‌కు దాదాపు సగమే ఇస్తుంది, మిగతాది కేటాయించకుండా పక్కన పెడుతుంది. నెల తర్వాత డిస్కు నిండిపోయిందన్న ఎర్రర్ వస్తే, 40 ఇచ్చాను కదా, ఎక్కడికి పోయిందని జుట్టు పీక్కుంటాం. ఆ తర్వాతి స్క్రీన్‌లోనే లాజికల్ వాల్యూమ్ సైజును పూర్తిగా పెంచేస్తే సరి. తర్వాత గుర్తొస్తే ఎల్‌వీ-ఎక్స్‌టెండ్, ఆపైన రీసైజ్2ఎఫ్ఎస్ అనే రెండు కమాండ్లతో సరిచేసుకోవచ్చు.

మూడోది ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ అనే చెక్‌బాక్స్, బయటి టెర్మినల్ నుంచి వీఎంలోకి లాగిన్ కావడానికి. దానికి టిక్ పెట్టడం మరవొద్దు. టైమ్‌జోన్ యూటీసీలోనే వదిలేయండి. మొదట్లో చెప్పుకున్న ఆర్డర్ల తేడా రోజూ కళ్లముందు కనబడుతుంది.

బ్రౌజర్‌లో పేజీ ఎందుకు తెరుచుకోదు

ఎక్కువ సమయం తినేది నెట్‌వర్కే. వర్చువల్‌బాక్స్ కొత్త వీఎంను న్యాట్ పద్ధతిలో పెడుతుంది. లోపలి నుంచి ఇంటర్నెట్ పనిచేస్తుంది, ప్యాకేజీలు దిగుతాయి. గెస్ట్ ఐపీ చూస్తే 10.0.2.15 అని ఉంటుంది. ఆ అడ్రస్‌ను విండోస్ బ్రౌజర్‌లో కొడితే ఏమీ రాదు. ఇంకో వీఎం వేసి చూడండి, దానికీ అదే 10.0.2.15. ఒక్కో వీఎంకు వర్చువల్‌బాక్స్ విడివిడిగా ఒక చిన్న ప్రైవేట్ నెట్‌వర్క్ కడుతుంది కాబట్టి ఆ అడ్రస్‌కు బయట అర్థం లేదు.

న్యాట్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్న అపార్ట్‌మెంట్. లోపలివాళ్లు ఎప్పుడైనా బయటికి వెళ్లొచ్చు. బయటివాళ్లు రావాలంటే "ఫలానా ఆయన వస్తాడు, 203కి పంపించు" అని ముందే చెప్పి ఉంచాలి. అలా చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఒక నియమం రాయండి: హోస్ట్ ఐపీ 127.0.0.1, హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ పోర్ట్ 22. హోస్ట్ ఐపీ గడిని ఖాళీగా వదిలినా పనిచేస్తుంది. కానీ అప్పుడు ఆఫీసు వైఫైలో ఉన్నవాళ్లెవరైనా మీ లాప్‌టాప్ 2222 పోర్ట్ ద్వారా వీఎం తలుపు తట్టొచ్చు. పాస్‌వర్డ్ 1234 పెట్టుకున్న వీఎంకు అది మంచిది కాదు.

ఇక విండోస్ టెర్మినల్ నుంచి 2222 పోర్ట్‌కు ఎస్ఎస్‌హెచ్ చేస్తే నేరుగా గెస్ట్‌లోకి వెళతారు. వర్చువల్‌బాక్స్ నల్ల కిటికీతో ఇక పనిలేదు, వీఎంను హెడ్‌లెస్‌గా, అంటే కిటికీ లేకుండా, స్టార్ట్ చేసుకోవచ్చు. ఇందులో తెలుగువాళ్లకు ఇంకో లాభం ఉంది. ఆ నల్ల కిటికీలో కనిపించే లినక్స్ కన్సోల్ తెలుగు అక్షరాలు చూపలేదు, డబ్బాలో ప్రశ్నార్థకాలో వస్తాయి. అది చూసి డేటాబేస్‌లో తెలుగు పాడైందని కంగారు పడతారు. ఎస్ఎస్‌హెచ్‌తో వస్తే అక్షరాలు గీసే పని మీ విండోస్ టెర్మినల్‌ది. గుణింతాలు, ఒత్తులు అటూ ఇటూ అయినా, డేటా బాగానే ఉందని తెలుస్తుంది.

ఇప్పుడు జాంగో. 8000 పోర్ట్‌కు కూడా ఒక నియమం రాశారు. గెస్ట్‌లో జాంగో సొంత టెస్ట్ సర్వర్ రన్‌సర్వర్ నడుస్తోంది, లోపల కర్ల్ కమాండ్‌తో అడిగితే పేజీ వస్తోంది. విండోస్ బ్రౌజర్‌లో మాత్రం కనెక్షన్ రీసెట్ అంటోంది. నియమం సరిగ్గానే ఉంది, ఫైర్‌వాల్ తప్పు కూడా కాదు. జాంగో మామూలుగా 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. గెస్ట్‌లో 127.0.0.1 అంటే గెస్ట్ తానే. వర్చువల్‌బాక్స్ తెచ్చే కనెక్షన్ 10.0.2.15 అడ్రస్‌కు వస్తుంది, అక్కడ వినేవాళ్లెవరూ లేరు. రన్‌సర్వర్‌కు 0.0.0.0:8000 అని ఇస్తే అన్ని అడ్రసుల మీదా వింటుంది, పేజీ తెరుచుకుంటుంది. వీట్ అనే జావాస్క్రిప్ట్ డెవలప్‌మెంట్ సర్వర్ వాడేవాళ్లకు హోస్ట్ ఆప్షన్ ఇదే పని చేస్తుంది.

ఇక్కడే ఇంకో తికమక. పక్క సీటు వాళ్లు 0.0.0.0 పెట్టకుండానే పేజీ చూస్తుంటారు. వాళ్లు వీఎస్ కోడ్‌లోని రిమోట్ ఎస్ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నారన్నమాట. అది పోర్టులను ఎస్ఎస్‌హెచ్ సొరంగం గుండా తెస్తుంది. ఆ సొరంగం గెస్ట్ లోపల తెరుచుకుంటుంది కాబట్టి అక్కడి నుంచి 127.0.0.1 అందుతుంది. నేనైతే ఈ దారే చెబుతాను. 22కు ఒక్క నియమం రాసి, మిగతావన్నీ సొరంగంలో పోనివ్వండి. పోస్ట్‌గ్రెస్‌కు కూడా ఇదే మేలు. బయటినుంచి కనెక్ట్ కావాలని దాని సెట్టింగుల్లో వినే అడ్రసులు మార్చి, అనుమతుల ఫైల్లో అందరినీ రానివ్వడం ఒక అలవాటుగా మారి, రేపు అసలు సర్వర్ మీద కూడా చేతులు అదే టైప్ చేస్తాయి.

రెండు వీఎంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే హోస్ట్-ఓన్లీ అడాప్టర్ (హోస్ట్, వీఎంల మధ్య మాత్రమే ఉండే నెట్‌వర్క్) రెండోదిగా పెట్టుకోండి, 192.168.56తో మొదలయ్యే అడ్రసులు వస్తాయి. ఆ అడ్రస్‌తో తెరిస్తే జాంగో అలౌడ్ హోస్ట్స్ అనే సెట్టింగులో దాన్ని చేర్చమంటుంది. బ్రిడ్జ్ పద్ధతిలో వీఎం నేరుగా ఇంటి రౌటర్ నుంచే ఐపీ తీసుకుంటుంది. ఫోన్‌లో సైట్ చూడాలంటే అది బాగుంటుంది. ఆఫీసు వైఫైలోనైతే చాలాచోట్ల పనిచేయదు. చేసినా నెట్‌వర్క్ టీమ్ నుంచి ఫోన్ రావచ్చు.

కోడ్ ఎటువైపు ఉండాలి

విండోస్‌లో ఉన్న ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను షేర్డ్ ఫోల్డర్‌గా గెస్ట్‌కు చూపించి, ఇటు ఎడిట్ చేసి అటు నడపడం అందరికీ మొదట తట్టే పద్ధతి. చిన్న ప్రాజెక్టుకు నడుస్తుంది. జావాస్క్రిప్ట్ లైబ్రరీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ లాంటి ఫోల్డర్ వచ్చిందంటే అసలు సంగతి తెలుస్తుంది. అందులో వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. ఒక్కో ఫైలును తెరిచినప్పుడల్లా ఆ అభ్యర్థన గెస్ట్ నుంచి హోస్ట్‌కు వెళ్లి, విండోస్ ఫైల్‌సిస్టమ్‌ను తాకి, దారిలో యాంటీవైరస్ చూసి, తిరిగి రావాలి. ఒక పెద్ద వీడియో ఫైలు కాపీ చేస్తే ఈ ఖర్చు తెలియదు. ఇన్ని చిన్న ఫైళ్లు అయితే ప్రతిదానికీ కట్టాలి.

నిదానం ఒక్కటే కాదు. ఫైలు మారితే సర్వర్ తనంతట తాను రీలోడ్ కావడానికి చాలా పరికరాలు ఫైలు మారిందని కబురు చెప్పే లినక్స్‌లోని ఐనోటిఫై మీద ఆధారపడతాయి. ఫైలును మార్చింది విండోస్. గెస్ట్ కెర్నల్ చేతిమీదుగా ఆ మార్పు జరగలేదు కాబట్టి అది ఎవరికీ కబురు పంపదు. మీరు సేవ్ చేస్తూనే ఉంటారు, పేజీ మారదు. పోలింగ్ పెట్టుకుంటే, అంటే ఫైళ్లను మాటిమాటికీ తనిఖీ చేయిస్తే, పనవుతుంది గానీ ప్రాసెసర్ వేడెక్కుతుంది. సింబాలిక్ లింకులు (వేరే ఫైలును చూపించే షార్ట్‌కట్‌లు) షేర్డ్ ఫోల్డర్‌లో మామూలుగా తయారుకావు, కాబట్టి లైబ్రరీలు దించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ మధ్యలో ఆగొచ్చు. విండోస్ వైపు గిట్ వరస చివర్లను (లైన్ ఎండింగ్స్‌ను) మార్చేస్తే, అదే షెల్ స్క్రిప్ట్ గెస్ట్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటుంది. ఫైలు తెరిచి ఎంత చూసినా తప్పు కంటికి కనబడదు. రిపాజిటరీలో గిట్ అట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, వరస చివర్లు లినక్స్ పద్ధతిలోనే ఉండాలని అందులో రాస్తే ఆ పీడ పోతుంది.

కాబట్టి కోడ్‌ను గెస్ట్ డిస్కులోనే క్లోన్ చేయండి. ఎడిటర్ విండోస్‌లో ఉంటుంది, ఫైళ్లు గెస్ట్‌లో ఉంటాయి, మధ్యలో ఎస్ఎస్‌హెచ్. డబ్ల్యూఎస్ఎల్2లో కూడా ఇదే సూత్రం. ప్రాజెక్ట్ సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ వైపు నుంచి నడిపేవాళ్లే డబ్ల్యూఎస్ఎల్ నిదానమని తిడుతుంటారు. లినక్స్ హోమ్ డైరెక్టరీలోకి మార్చగానే ఆ ఫిర్యాదు చాలావరకు పోతుంది. ఒక్క ప్రమాదం ఉంది: వీఎం పోతే కోడూ పోతుంది. సాయంత్రం లేచేముందు గిట్ పుష్ చేయాల్సిందే.

ఎంత మెమరీ, ఎంత డిస్కు

8 జీబీ లాప్‌టాప్‌తో నెట్టుకొచ్చే బీటెక్ విద్యార్థులు, అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్లేవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఇది. గ్రాఫిక్స్ లేని ఉబుంటు సర్వర్, జాంగో, పోస్ట్‌గ్రెస్‌కు 2 జీబీ సరిపోతుంది. 4 ఇస్తే వీఎం హాయిగా ఉంటుంది గానీ విండోస్, క్రోమ్ కలిసి మిగిలిన 4లో ఇరుక్కుంటాయి. అప్పుడు విండోస్ మెమరీలో ఉన్నదాన్ని డిస్కు మీదికి నెట్టడం మొదలుపెడుతుంది, దాంతో రెండు వైపులా నిదానిస్తాయి. గెస్ట్‌కు తక్కువైతే గెస్ట్ ఒక్కటే నిదానిస్తుంది. ఎటు తగ్గించాలో తేలకపోతే గెస్ట్‌కే తగ్గించండి. కోర్లు సగానికి మించి ఇవ్వొద్దు.

డబ్ల్యూఎస్ఎల్2 వాడేవాళ్లకు టాస్క్ మేనేజర్‌లో వీఎమ్‌మెమ్‌తో పేరు మొదలయ్యే ప్రాసెస్ జీబీలకు జీబీలు తింటూ కనిపిస్తుంది. లోపలికెళ్లి చూస్తే పెద్దగా ఏమీ నడవడం లేదు. లినక్స్ ఖాళీ మెమరీని ఖాళీగా ఉంచదు, చదివిన ఫైళ్లను అందులో దాచుకుంటుంది. దాని లెక్కలో అది ఎప్పుడైనా ఖాళీ చేయగల మెమరీ. విండోస్ లెక్కలో అది ఖర్చయిపోయిన మెమరీ. మామూలుగా హోస్ట్ మెమరీలో సగం దాకా వెళ్లే వీలుంటుంది. యూజర్ ఫోల్డర్‌లో డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ అనే ఫైలు రాసి అందులో పరిమితి పెట్టి, డబ్ల్యూఎస్ఎల్‌ను ఒకసారి షట్‌డౌన్ చేస్తే అమల్లోకి వస్తుంది.

డిస్కు సంగతి ఇంకో రకం. డైనమిక్ డిస్కు 40 జీబీ అని రాసినా మొదట కొద్ది జీబీలే ఆక్రమిస్తుంది, వాడేకొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్లు తీసేస్తే మాత్రం తిరిగి తగ్గదు. తగ్గాలంటే ఖాళీ చోటును గెస్ట్‌లో సున్నాలతో నింపి, వీఎం ఆపేసి, హోస్ట్ నుంచి కాంపాక్ట్ కమాండ్ ఇవ్వాలి. స్నాప్‌షాట్ అంటే వీఎం ఉన్న స్థితికి తర్వాత తిరిగి రాగలిగేలా దాచుకోవడం. అది తీసిన క్షణం నుంచి పాత డిస్కు ఫైలు గడ్డకట్టి, కొత్త రాతలన్నీ వేరే ఫైల్లోకి పోతాయి. ఉబుంటు వెర్షన్ మార్చేముందు ఒకటి తీసుకోవడం చాలా మంచి పని. కుదిరితే వీఎం ఆపి తీయండి, మెమరీ మొత్తాన్ని కూడా సేవ్ చేయాల్సిన పని తప్పుతుంది. అయిదారు స్నాప్‌షాట్లు పేర్చుకుంటూ పోతే డిస్కు గుట్టుగా నిండుతుంది. స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవద్దు. మూల ఫైలు పాడైతే దాని మీద కట్టినవన్నీ కలిసే పోతాయి.

లాప్‌టాప్ మూత వేసి ఇంటికెళ్లి, పొద్దున తెరిచాక ప్యాకేజీల జాబితా తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ కొడితే "రిలీజ్ ఫైలు ఇంకా చెల్లదు" అనో, సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదనో వస్తే నెట్‌వర్క్‌ను అనుమానించకండి. గెస్ట్ గడియారం రాత్రి ఆగిన చోటే ఉండిపోయింది. టైమ్‌డేట్-సీటీఎల్‌తో చూసి, టైమ్ సింక్ సర్వీసును రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది.

ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లు వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2020 నవంబరులో వచ్చిన ఎమ్1 నుంచి ఆ యంత్రాల్లో ఉన్నది ఆర్మ్ ప్రాసెసర్. దాని మీద వేగంగా నడిచేది ఆర్మ్64 ఉబుంటు మాత్రమే. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల కోసం చేసిన ఏఎమ్‌డీ64 ఐఎస్ఓ దించుకుంటే ప్రతి ఆదేశాన్నీ అనువదించి నడపాలి, అది భరించలేనంత నిదానం. వీఎంలు నడిపే యూటీఎం, మల్టీపాస్, వీఎమ్‌వేర్ ఫ్యూజన్ మూడూ మ్యాక్‌లో బాగానే పనిచేస్తాయి. సర్వర్ ఇంటెల్‌దైతే మీ వీఎం దానికి అచ్చమైన నకలు కాదు. కంపైల్ చేసిన లైబ్రరీల దగ్గర ఆ తేడా బయటపడుతుంది.

చేత్తో చేసింది ఫైల్లో రాయడం

వీఎం వేసుకున్న మొదటి వారం చేసిన పనులు నెల తర్వాత గుర్తుండవు. పోస్ట్‌గ్రెస్ ఏ వెర్షన్ పెట్టాం, ఏ లొకేల్ తయారుచేశాం, ఏ యూజర్‌కు ఏ అనుమతి ఇచ్చాం? టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఇవన్నీ నోటితో చెప్పాల్సి వస్తుంది. ఈ చిక్కు కోసమే 2010లో మిచెల్ హాషిమోటో వేగ్రాంట్ తయారుచేశాడు. ఒక ఫైల్లో ఏ ఓఎస్, ఎంత మెమరీ, ఏ పోర్టులు, లోపల ఏ స్క్రిప్ట్ నడవాలి అని రాసిపెడితే, వేగ్రాంట్ అప్ అనగానే వీఎం తయారవుతుంది. డిస్ట్రాయ్ అనగానే పోతుంది. 2023లో దాని లైసెన్సు మారడంతో కొందరు దూరంగా ఉంటున్నారు. సొంత డెవలప్‌మెంట్ పనికి ఆ మార్పు పెద్ద అడ్డు కాదు.

వేగ్రాంట్ వద్దనుకుంటే ఒక మామూలు షెల్ స్క్రిప్ట్ చాలు. ప్యాకేజీల పేర్లు, డేటాబేస్ తయారీ, లొకేల్, అన్నీ వరసగా రాసి రిపాజిటరీలో పెట్టండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయొద్దు. అది నిజంగా పనిచేస్తుందో లేదో తెలియాలంటే కోడ్ పుష్ చేసి, కావలసిన డేటా డంప్ తీసుకుని, వీఎంను తీసేసి మళ్లీ మొదటి నుంచి కట్టి చూడాలి. స్క్రిప్ట్ ఎక్కడ ఆగితే అక్కడ మీరు చేత్తో చేసి రాయడం మరిచిన పని ఉన్నట్టు. తీసేసేటప్పుడు వర్చువల్‌బాక్స్ రెండు దారులు చూపిస్తుంది. రిమూవ్ ఓన్లీ నొక్కితే జాబితాలోంచి పేరు పోతుందే తప్ప డిస్కు ఫైలు అక్కడే ఉంటుంది. ఆ జీబీలు తిరిగి రావాలంటే డిలీట్ ఆల్ ఫైల్స్ నొక్కండి.